చదవలేనిచోట గొణిగే మణిశంకర్

మణిశంకర్‌కి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఒక్కటే: చదవలేనిచోట గొణగడం. తండ్రి సూర్యప్రకాశంగారు కోనసీమలో పౌరోహిత్యం చేసేవారు. ఆయన మంత్రాల పుస్తకంలో సగం చెదలు తినేశాయి. అక్షరం లేనిచోట ఆగితే అపశకునమని, ముక్కుతో ఓ రాగం తీసి అవతలి అక్షరం మీద వాలేవారు. కొడుకు పక్కన కూర్చుని ఆ రాగాన్ని శుభ్రంగా ఒంటబట్టించుకున్నాడు. మంత్రం మాత్రం అంటలేదు.

అంతటి మహానుభావుడు ఎంసీఏ చదివి, రెండువేల రెండులో రాజమండ్రి దానవాయిపేటలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాడు. అందరూ "పంతులుగారూ" అంటుంటే గౌరవమే అనుకున్నాడు, పాపం.

ఓ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు కటింగ్ ఆర్డర్లు ఇచ్చే ప్రోగ్రాం ఆ ఆఫీసు రాసిందే. ఆర్డరు వస్తేనే రైతు చెరుకు కొట్టాలి. ఫ్యాక్టరీ సీజను కట్టేసేలోగా రాకపోతే పంట చేలోనే ఎండాలి. ప్రోగ్రామేమో వందల ఫైళ్లలో చెల్లాచెదురు. ఏ మాట ఏ ఫైల్లో ఉందో వెతికి చూపించే టూల్ ఒకటి మణిశంకర్ తయారుచేశాడు. అబ్బో, ఆ టూల్ గురించి ఆయన చెప్పుకున్న గొప్పలు వినలేక చచ్చేవాళ్లు!

"తెరుచుకోని ఫైళ్లుంటే ఏంటండీ?" అని అడిగింది పక్క సీటు శ్రీసుధ.

"వదిలేసి ముందుకెళ్తుంది."

"వెళ్లనివ్వండి, ఆగక్కర్లేదు. చివర్లో మాత్రం ఫలానా ఫైళ్లు చదవలేకపోయానని చెప్పాలి కదండీ?"

"శుభమా అని కస్టమరు ముందు స్క్రీన్ పెడితే ఎర్రక్షరాలేంటమ్మా! అపశకునం" అన్నాడు. "అన్ని ఫైళ్లూ చూశాను" అని పచ్చటి అక్షరాలతో వచ్చేట్టు పెట్టుకున్నాడు. ఎంత ముచ్చటో!

ఆ ఏడు ఫ్యాక్టరీ వాళ్లు చెరుకు రకాల కోడ్లు మార్చారు. పాత కోడ్ మిగిలిపోయిన ఫైల్లోంచి ఇక ఆర్డర్లు రావు. పాత కోడ్ ఉన్న చోటల్లా టూల్‌తో వెతికి మార్చేశాడు మణిశంకర్. లంక గ్రామాల ఆర్డర్ల ఫైలు మాత్రం, ఉద్యోగం మానేసి పోయిన బుజ్జిబాబు లాగిన్ కింద ఉండిపోయింది. ఇంకెవరూ తెరవడానికి లేదు. టూల్ దాన్ని దాటేసి, పచ్చక్షరాలు చూపించింది.

సీజను చివర్లో ఓ పొద్దున వరలక్ష్మమ్మగారు బస్సు దిగి ఆఫీసుకొచ్చింది. లంకలో ఆవిడకి రెండెకరాల చెరుకు.

"చుట్టుపక్కల అందరికీ ఆర్డర్లొచ్చాయి బాబూ. మా లంకకే రాలేదు. వారంలో సీజను కట్టేస్తారంట. ఫ్యాక్టరీవాళ్లు కంప్యూటర్ వాళ్లనడగమన్నారు."

మణిశంకర్‌కి గబుక్కున తన టూల్ సంగతి గుర్తొచ్చింది. దాటేసిన ఫైలేమైనా ఉందా? ఉండే ఉంటుంది! చూస్తే బయటపడుతుంది, బయటపడితే పరువు పోతుంది. టూల్ నడిపి స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాడు.

"చూడండి అమ్మగారూ, అన్నీ చూశాం. మా దగ్గర తప్పేం లేదు. ఫ్యాక్టరీలోనే అడగండి."

ఆవిడ పచ్చక్షరాలకి దణ్ణం పెట్టినంత పనిచేసి వెళ్లింది. ఆయనగారు స్థిమితంగా కాఫీ తెప్పించుకున్నాడు.

ఫ్యాక్టరీ కట్టేశాక, లంకకి ఆర్డర్లెందుకు రాలేదో తేల్చమని అక్కణ్నుంచి ఆఫీసుకి ఫోనొచ్చింది. శ్రీసుధ ఆ టూల్లో ఒక్క లైను చేర్చి నడిపింది. ఎర్రగా ఒకే ఒక్క పేరొచ్చింది, బుజ్జిబాబు ఫైలుది. తాళం తీయించి మార్చడానికి పూటైనా పట్టలేదు.

వరలక్ష్మమ్మగారు మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో ఓ ఎండిన చెరుకుగడ. మణిశంకర్ టేబుల్ మీద పెట్టింది. అది నడిమికి చీలి, లోపలంతా బెండయిపోయింది.

"ఆవేళ చూశానన్నావు. చూశావా బాబూ?"

మణిశంకర్ గడని కాస్త పక్కకి జరిపి, కీబోర్డు మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

"నాకు కనబడలేదని ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది? గానుగకైనా తోలి బెల్లం వండించుకునేదాన్ని. అన్నీ చూశామన్నావు గనకే నమ్మి కూర్చున్నాను."

ఆఫీసంతా ఆయన వైపే చూస్తోంది. తప్పయిందనాలని మణిశంకర్‌కీ తెలుసు. నోరు తెరిచాడు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి నాలిక ఆడలేదు. ముక్కుతో సన్నగా రాగం తీసి, "కాఫీ తాగుతారా అమ్మగారూ?" అన్నాడు.