స్టాండు లేని సైకిల్

నెల కింద టేకులపల్లిల ఒక పాత రేస్ సైకిల్ కొన్న. చేత్తో అతికిన స్టీలు ఫ్రేము, సన్న టైర్లు, వంపు హ్యాండిల్. అమ్మినామె రాజమ్మ. ఆమె పెనిమిటి బొగ్గు బాయిల పనిచేసేటోడు. వయసుల పందేలు తొక్కిన సైకిల్ మీదనే డ్యూటీకి పోయేటోడు. ఒకనాడు బాయిల పైకప్పు కూలి లోపలే పోయిండు.

తుప్పు గీకిన, రంగేసిన, బేరింగులు మార్చిన. డ్యూటీ కోసం ఆయన వెల్డింగ్ పెట్టించుకున్న బరువైన ఇనుప స్టాండును మాత్రం కోయించి పాత సామానోనికి ఏసిన. రేస్ సైకిల్‌కు స్టాండేందని నా తెలివి.

ఈ రోజు పొద్దున రాజమ్మకు చూపిద్దామని తొక్కుకుంట పోయిన. ఆమె కొత్త రంగు దిక్కే చూడలే. వంగి వెనక చక్రం కాడ తడిమింది.

"స్టాండేది బిడ్డా?"

"తీసేయించిన అమ్మా. దీనికి ఉండొద్దు." తిడతదనుకున్న.

"మంచిగ చేసినవ్," అన్నది. "ఆ దినం షిఫ్టు అయిపోయినంక ఎవల సైకిల్ వాళ్లు తీసుకపోయిండ్రు. నేను ఉరికిపోయేసరికి బాయి కాడ ఇదొక్కటే స్టాండేసి నిలబడ్డది. నాకెవలూ చెప్పలే. దీన్ని చూసే ఎరుకైంది."

చాయ్ తాగమన్నది గని కూసోబుద్ధి గాలే.

ఇంటికొచ్చి గోడకు ఆనించి ఫోటో తీసిన. పాత సైకిళ్ల గ్రూపుల పెడితే ముందు అడిగేది ఒకటే, అన్నీ ఒరిజినల్ పార్టులేనా అని. ఏం చెప్పాల్నో మీరే చెప్పుండ్రి. అసలుదని నాకు ఇయ్యాల తెలిసిన ఒక్క పార్టూ పాత సామానోని బండ్ల పోయింది.