రెండోసారీ అదే జవాబు

ఒంటరితనాన్ని కొలిచే ప్రశ్నాపత్రం ఒకటి తయారుచేస్తున్నాం. పదిహేను రోజుల తేడాతో ఒకే మనిషిని రెండుసార్లు అడుగుతాం. జవాబులు కలిస్తేనే ప్రశ్న పాసైనట్టు. ఈ సంగతి జవాబులిచ్చేవాళ్లకి ముందే చెప్పేయడం నా బుద్ధితక్కువ పని.

ఇవాళ రెండోసారి పెనుమూడి వెళ్లి సుగుణమ్మగారిని అడిగాను. "మనసులో మాట చెప్పుకోడానికి ఎవరైనా ఉన్నారా, పిన్నిగారూ?"

ఆవిడ పక్కింటి తాళం వైపు చూశారు. "పోయినసారి ఏం చెప్పానమ్మా?"

"పక్కింటి మరియమ్మగారు ఉన్నారన్నారండి."

"మొన్న ఆదివారమే సమాధి చేశాం. అయినా ఉందనే రాసుకో తల్లీ. జవాబు మారితే నీ పని చెడిపోద్దేమో."

'ఉన్నారు' దగ్గర టిక్కు పెట్టాను. రేపల్లె స్టేషన్‌లో కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అన్నీ కలిశాయి. మా ప్రశ్న పాసైంది.

మీరైతే ఏం రాసేవారు?