రెండు దాటితే తిరుపతి

మా ఉప్పల్ ఇంటి కింది వాటాలో అద్దెకుండే బుచ్చిరాములు పొద్దున ఆరింటికి బుచ్చిరాములు. మధ్యాహ్నం రెండు దాటితే తిరుపతి. నాచారంలో రేకు డబ్బాలు చేసే కంపెనీలో ప్రెస్ మిషన్ మీద పని. ఒక్క షిఫ్టు జీతం అద్దెకూ బియ్యానికీ పోయి, కూతురి చదువు దగ్గర ఆగిపోతుంది. అందుకని రెండో షిఫ్టూ చేస్తాడు. ఒకే మనిషి చేస్తే చట్టప్రకారం ఓవర్‌టైముకు రెట్టింపు ఇవ్వాలి కదా! కాంట్రాక్టరు మహా తెలివైనవాడు. ఎప్పుడో పని మానేసిన తిరుపతి పేరు రిజిస్టరులో అలాగే ఉంచి, ఆ కార్డు ఇతని మెడలో వేశాడు.

నలభై ఏళ్లు యూనియన్ ఆఫీసులో కాగితాలు రాసినవాణ్ని, వినగానే ఒళ్లు మండింది.

"కనీస వేతనమంటే మనిషి పడిపోకుండా ఇచ్చేదయ్యా! జీవన వేతనమని రాజ్యాంగంలో ఇంకోటి రాసుకున్నాం. ఒక షిఫ్టు పనితో ఇల్లంతా మర్యాదగా బతకాలి. ఏదీ, ఎక్కడుంది?" అని అరిచాను.

"మా నాయిన దొర దగ్గర జీతమున్నడు సార్. మాకు జీతమంటెనే బతుకు. దానికి ఇంకో పేరెందుకు?" అన్నాడు.

నిజమే. జీవితమనే మాటే అరిగి జీతమైంది. మధ్యలో ఒక అక్షరం ఎక్కడో రాలిపోయింది.

"ఆ మిషన్ దగ్గర నిద్ర ముంచుకురాదా?"

"రెండో డ్యూటీల జర కండ్లు మూతలు పడ్తయి. చెయ్యి దానంతటదే తిరుగుతది. ఫికర్ లేదు సార్."

నాకు మాత్రం భయమేసింది. అతను మాట్లాడుతున్నంతసేపూ ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.

మొన్న ఆదివారం వీధిలో ఎవరో ఎవరినో "తిరుపతీ!" అని కేకేస్తే, తింటున్న అన్నం వదిలి చటుక్కున లేచి నిలబడ్డాడు. భార్య రాణి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

నిన్న సాయంత్రం రాణి ఏడుస్తూ మెట్లెక్కి వచ్చింది. తోటి పనివాడెవరో ఫోన్ చేశాడట. చెయ్యి ప్రెస్ కింద పడిందట, ఆటోలో తీసుకుపోయారట. ఏ దవాఖానో చెప్పకుండానే పెట్టేశాడు. కంపెనీకి నేనే ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాను. స్పీకర్‌లో సూపర్‌వైజరు గొంతు చాలా మెత్తగా ఉంది.

"బుచ్చిరాములు రెండు గంటలకే డ్యూటీ దిగి పోయిండమ్మా, రిజిస్టర్ల ఉంది. దెబ్బ తాకింది తిరుపతికి. తిరుపతి నీకేమైతడు?"