తండ్రి పక్కన చోటు

1963 చలికాలం. నిజామాబాదులో పల్లె సంఘాల పనివాళ్ళకు తర్ఫీదునిచ్చే ఒక చిన్న బడిలో నేను బైబిలు పాఠం చెప్పేదాన్ని. బడి అంటే రేకుల కప్పున్న రెండు గదులు, ఒక నల్లబల్ల. నా దగ్గరికి వచ్చేది చిన్నపిల్లలు కారు. చెరుకు కొట్టేవాళ్ళు, బండి తోలేవాళ్ళు, ఆసుపత్రిలో కట్లు కట్టేవాళ్ళు. కూలి పోగొట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు కనుక వాళ్ళ ముందు ఊకదంపుడు మాటలు చెప్పాలంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు.

ఒకే పుస్తకం ఏళ్ళ తరబడి చదివి, చెప్పిందే చెప్తుంటే విసుగు రాదా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. దానికి జవాబుగా ఈ ఒక్క సంగతి చెప్తాను.

మా పాఠానికి మూడు మెట్లు ఉండేవి. మొదటిది అబ్జర్వేషన్, అంటే పేజీలో ఏముందో, ఏం లేదో చూడటం. రెండోది ఇంటర్‌ప్రెటేషన్, దాని అర్థం తేల్చుకోవడం. మూడోది అప్లికేషన్, దాన్ని బతుకులోకి తెచ్చుకోవడం. మావాళ్ళందరికీ మూడో మెట్టు మీదే మోజు. పుస్తకం తెరవకముందే పక్కింటివాడికి బుద్ధి చెప్పడానికి తయారు. "ముందు ఏమున్నదో చెప్పు నాయనా, పక్కింటాయన సంగతి తర్వాత చూద్దాం" అనేదాన్ని. పేర్ల వరుసల్ని కూడా దాటనిచ్చేదాన్ని కాదు. వెనకాల నన్ను సాగదీసే టీచరమ్మ అనుకునేవారని నాకు తెలుసు.

ఆ చలికాలంలోనే మా విద్యార్థి ఒకాయన పాఠం ఎలా చెప్తున్నాడో చూడటానికి ఎడపల్లి అవతల ఒక చిన్న వాడకు వెళ్ళాను. దారి పొడుగునా బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు. వాడలో అడుగుపెట్టేసరికి పాఠం లేదు, పాట లేదు. జనమంతా ఒక వాకిట్లో నిలబడి ఉన్నారు.

రాజయ్య అనే బండి తోలే మనిషి ముందురోజు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి కడుపునొప్పితో బాధపడ్డాడట. పోలీసుల పని పూర్తయి, బోధన్ ఆసుపత్రి నుంచి శవం అప్పుడే ఇంటికి చేరింది. భార్య సుందరమ్మ తలదగ్గర కూర్చుని ఉంది. ఇద్దరు పిల్లలు ఆమె కొంగు పట్టుకుని ఉన్నారు.

ఆమె అడిగేది ఒక్కటే. కాలువ గట్టున క్రైస్తవుల సమాధుల తోటలో, మామ బాలయ్య, అంటే రాజయ్య తండ్రి, పక్కన తన మొగుణ్ణి పెట్టాలి. సంఘపెద్ద యోహాను ఒప్పుకోవడం లేదు. కంచె అవతల తవ్వమంటున్నాడు. పాస్టరుగారు పట్నంలో ఉంటారు, నెలకొకసారి వస్తారు. కబురు పంపినా పొద్దుగూకే లోపల రాలేరు.

కంచెకు ఇవతలో అవతలో, మట్టి మట్టేగా అనుకోవచ్చు. ఆ వాడలో అలా కాదు. అవతల పెడితే ఆ పిల్లలు పెద్దయ్యేదాకా కంచె అవతలోడి పిల్లలే. సుందరమ్మకు అది తెలుసు.

నన్ను చూసి ఆమె ఏడవలేదు. మెల్లగా చెప్పుకుపోయింది.

"నిన్న పొద్దుగాల ఎడ్లకు నీళ్ళు వెట్టిండు టీచరమ్మా. యోహాను పెద్దయ్య గడ్డపార మా ఇంట్లనే ఉండె, తీస్కపోయి ఇచ్చచ్చిండు. ఇంటెన్క గోడ వానకు కూలుంటే మట్టి వెట్టి కట్టిండు. నాకేం తెల్వలే. పని మంచిగ చేస్తుండు, నొప్పి తక్కువైందనుకున్న."

పెద్దయ్య యోహాను చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. బాలయ్యకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన కళ్ళు కూడా ఎర్రబడే ఉన్నాయి.

"నాకు పిలగాని మీద కోపం లేదమ్మా" అన్నాడు. "నా సేతుల మీద పెరిగిండు. గని తన పానం తనే తీస్కున్నోన్ని తోటల పెట్టొద్దు. గది గ్రంథంల ఉన్నది."

"ఏడ ఉన్నది పెద్దయ్యా?" అని అడిగాను.

"యేసయ్యను పట్టిచ్చి, తన పానం తనే తీస్కున్న యూదాను సూడలేదా అమ్మా?"

"యూదా ఎట్ల చచ్చిపోయిండో ఉన్నది. ఆయనను కంచె అవతల పెట్టుమని ఉన్నదా?"

ఆయన నిజాయితీపరుడు, లేనిది ఉందని అనలేదు. "మా చిన్నప్పటిసంది గట్లనే చెప్పిండ్రు" అన్నాడు.

మా బడిలో కాంకార్డెన్స్ ఉండేది. ఏ మాట బైబిల్లో ఎక్కడెక్కడ వస్తుందో అక్షరక్రమంలో చూపించే లావుపాటి పుస్తకం. అది నిజామాబాదులో ఉంది, నేనిక్కడ ఉన్నాను. నిజం చెప్పాలంటే అది చేతిలో ఉన్నా ఏ మాట కింద వెతకాలో నాకు తోచేది కాదు. దారి చూపించింది సుందరమ్మే. గోడ కట్టిండు అన్న ఆమె మాట నా మనసులో ఎక్కడో తగిలింది. ఇల్లు చక్కబెట్టుకుని వెళ్ళిపోయిన మనిషి ఒకడు ఆ పుస్తకంలో ఉన్నాడు.

"పెద్దయ్యా, సమూయేలు రెండో గ్రంథం, పదిహేడో అధ్యాయం. మీరే చదువుండ్రి" అన్నాను. ఆ సంఘంలో నలభై ఏళ్ళుగా వాక్యం చదివేది ఆయనే. నేను చదివితే అది పట్నం టీచరమ్మ వాదన అవుతుంది.

ఆయన బైబిలు తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివాడు. అది అహీతోపెలు అనే సలహాదారు కథ. దావీదు రాజు దగ్గర మంత్రాంగం చేసినవాడు, రాజుకొడుకు తిరగబడితే కొడుకు వైపు చేరాడు. ద్రోహి. తన సలహా చెల్లలేదని తెలిశాక గాడిదనెక్కి సొంత ఊరికి పోతాడు. కామెంటరీలు, అంటే పండితులు రాసిన వివరణ గ్రంథాలు, ఎవరి సలహా తెలివైనదన్న చర్చతోనే పేజీలు నింపుతాయి. నేనూ క్లాసులో ఆ రాజకీయమే చెప్తూ వచ్చాను.

ఇల్లు చక్కబెట్టుకున్నాడు అన్నచోట యోహాను చదవడం ఆపాడు.

"నా గడ్డపార" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే.

మళ్ళీ చదివాడు. ఆ మనిషి తన ప్రాణం తీసుకోవడం, ఆ వెంటనే అతణ్ణి తండ్రి సమాధిలో పాతిపెట్టడం. అంతే. రాజుకు ద్రోహం చేసినవాణ్ణి కూడా ఆ కథ రాసినాయన ఒక్క ముక్క తిట్టలేదు. తండ్రి దగ్గర చోటిచ్చి కథ ముందుకు నడిపించాడు.

యోహాను వేలు ఆ గీత మీదే ఉంది.

"ఎన్నిసార్లు సదివిన్నో" అన్నాడు. "ఎన్నిసార్లు సదివిన్నో అమ్మా."

నేనూ అన్నిసార్లు చదివినదాన్నే కదా.

ఆయన బైబిలు మూసి కుర్రవాళ్ళ వైపు తిరిగాడు. "మా దర్వాజ కాడ గడ్డపార ఉన్నది, తీస్కరాండ్రి. బాలయ్య పక్కన తవ్వుండ్రి."

మొదటి పోటు ఆయనే వేశాడు. వయసు మీదపడ్డ చేతులు, నేలేమో గట్టిది. వేరేవాళ్ళు అందుకోబోతే కాసేపటిదాకా ఇవ్వలేదు.

రాజయ్యను పూడ్చి అందరూ వెళ్ళాక సుందరమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"గా మాట ఏడ ఉన్నదో నా ఏలు వెట్టియ్యి టీచరమ్మా" అంది.

నా బైబిలు తెరిచి, మట్టి అంటిన ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టాను. కదపకుండా చాలాసేపు ఉంచింది.

"గింత చిన్నగున్నదా?" అంది.

ఆ పుస్తకం చదివేవాళ్ళకు, చెప్పేవాళ్ళకు దానిమీద తీరని ప్రేమ ఎందుకంటే ఇందుకే. ఏ చిన్న మాట ఎవరికోసం కాచుకుని ఉందో, అన్నేళ్ళు చదివినవాళ్ళకీ తెలియదు. ఎవరో తమ దుఃఖం తెచ్చి ముందు పెట్టినప్పుడు తెలుస్తుంది. నా బైబిల్లో ఆ పేజీ మీద ఆమె వేలి మట్టి మరక ఉండిపోయింది. క్లాసులో ఎవరైనా పాతిపెట్టారన్న వాక్యాన్ని గబగబా దాటేస్తే, ఆపి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవమంటాను.