తగలకూడని దెబ్బ

మా బాబాయ్ ఉద్యోగం యుద్ధాలు చేయించడం. రిమోట్‌తో నడిచే బొమ్మ ట్యాంకులను ఎదురెదురుగా పెట్టి ఒకదానితో ఒకదాన్ని కొట్టిస్తాడు. గొట్టంలోంచి గుండు రాదు, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కిరణం వస్తుంది. అది ఎదుటి ట్యాంకు నెత్తిమీది బుడిపెకు తగిలితే ఆ ట్యాంకు అదిరిపడుతుంది. అదిరిందా, బాబాయ్ పెట్టె మీద తన ముద్ర వేస్తాడు, ప్యాకింగులో ఉన్న నేను టేపు అంటిస్తాను. ఆ ముద్ర చూశాక పదకొండేళ్లుగా ఎవరూ పెట్టె మళ్లీ విప్పి చూడలేదని ఆయనకు మహా గర్వం. మా బొమ్మల వర్క్‌షాపులో అందరూ ఆయన్ను సేనాపతి అంటారు. ఇంట్లో బొద్దింక కనబడితే మంచమెక్కుతాడని నాకు మాత్రమే తెలుసు.

నెల క్రితం వరకు ఈ యుద్ధాలు గోదాములో, ఈ చివర ఒక ట్యాంకు, ఆ చివర ఒకటి పెట్టి జరిగేవి. మోకాళ్లు పట్టేస్తున్నాయని బాబాయే ఓనరమ్మను బతిమాలి, గోడలకు తెల్ల టైల్స్ వేసిన చిన్న గదిలోకి మారాడు. కుర్చీలోంచి లేవకుండానే పని అయిపోయేది.

ఇవాళ మధ్యాహ్నానికి ఆ నెల సరుకంతా, రెండువందల పెట్టెలు, గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాయి. నాలుగింటికి వ్యాన్. చివరి ట్యాంకు చూస్తూ బాబాయ్ గట్టిగా తుమ్మాడు. మోచెయ్యి తగిలి గొట్టం గోడవైపు తిరిగింది, రిమోట్ మీట నొక్కుకుపోయింది. ఎదుటి ట్యాంకు బుద్ధిగా అదిరింది.

బాబాయ్ కుర్చీలోంచి లేచాడు.

"గోడకి కొడితే దానికెలా తగిలిందే?"

తలుపు పక్కకు కొట్టాడు, మూలకు కొట్టాడు. ఎటు కొట్టినా అదిరింది. కిరణం టైల్స్ మీద పడి వెనక్కి వస్తోంది. అంటే గొట్టంలో ఆ కిరణాన్నిచ్చే దీపం వంకరగా బిగించినా ఈ గదిలో పాసే. నెల రోజుల ముద్రలన్నీ ఉత్తివే.

"ఊరుకో బాబాయ్, ఎవరు చూడొచ్చారు?" అన్నాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది. కాని నాకు భయం. పోయినేడు ఒక్క ట్యాంకు పాడుచేసినందుకే ఓనరమ్మ మెకానిక్‌ను ఇంటికి పంపేసింది. ఈ వయసులో బాబాయ్‌కి ఇంకెవరు పనిస్తారు?

ఆయన ఆగలేదు. గేటు దగ్గరి పెట్టెలు ఏడు, టైల్స్ లేని పాత గోదాములోకి నాచేత మోయించాడు. మొదటిది తగిలింది. రెండు, మూడు తగిలాయి. ఆరోది కూడా తగిలేసరికి నా ప్రాణం కాస్త కుదుటపడింది. ఏడోది పేల్చాడు. ఎదుటి ట్యాంకు కదల్లేదు. మళ్లీ పేల్చాడు. ఉలుకూ పలుకూ లేదు.

ముద్ర జేబులో వేసుకుని కుంటుకుంటూ ఓనరమ్మ గదికి నడిచాడు. నేను గుమ్మంలో ఆగిపోయాను.

"పెట్టెలు పంపకండమ్మా. తప్పు నాది" అని గది సంగతంతా చెప్పాడు.

"ఎన్ని చెడ్డవి?"

"తెలీదు. అన్నీ విప్పాలి."

ఆవిడ గడియారం చూసింది. బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆవిడ ఫోన్ తీసి వ్యాన్ డ్రైవర్‌ను రేపు రమ్మంది. బాబాయ్ రేపు రావాలో వద్దో మాత్రం చెప్పలేదు.

ఆయన అడగనూ లేదు. తిన్నగా గోదాములోకి వచ్చాడు. ఎనిమిదో పెట్టె టేపు నేనే చింపాను.