ఎల్లినవి, వచ్చినవి

పలాసలో దొరికే ఉప్మా మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఊరూరా జనం మా జీడిపప్పు వేసుకుని ఉప్మా తింటారు. మాకు మాత్రం వేరుశనగ గుళ్లు వేస్తారు. స్టేషను ఎదుట హోటలాయన్ని ఒకసారి అడిగాను కూడా. "మంచి పప్పంతా రైలెక్కిపోద్ది బాబూ. ఎక్కనిది మనం తింటాం" అన్నాడు. పప్పు సంగతి ఎలా ఉన్నా, మనుషుల్లో ఎక్కనివాణ్ని నేను. బియస్సీ చదివి టెక్కలిలో సైన్సు మాస్టారుగా ఆగిపోయాను.

అరవైల చివర్లో, ఒక ఆశ్వయుజ మాసంలో, మా నాన్న నన్ను ఉద్దానంలో ఉన్న మా మేనత్త ఇంటికి పంపాడు. పని చిన్నదే. ఆమె భర్త బతికి లేడని ఆమె చేత ఒప్పించి రావాలి.

మావ నా చిన్నప్పుడే రంగం వెళ్లాడు. రంగూన్‌ని మా వైపు రంగమనే అంటారు. ఆ ఏడు వానల్లేక ఇసక నేలలో కొబ్బరి మొక్కలు కూడా మాడిపోయాయట. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి. తర్వాత వచ్చేపోయే వాళ్ల చేత కబుర్లు. తర్వాత ఏమీ లేదు. రంగం నుంచి మనవాళ్లని ఓడలెక్కించి పంపేసినప్పుడు చుట్టుపక్కల ఊళ్లకి చాలామంది తిరిగొచ్చారు. మావ రాలేదు. చూశామని కూడా ఎవరూ అనలేదు. ఒకాయన మాత్రం చూశానన్నాడు గానీ, భోజనం పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఆయన ఆ ఇంటివాళ్లని చూశాననే అన్నాడు.

పన్నెండేళ్లు జాడ తెలియని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలని ఆచారం. ఆ గడువు దాటి చాలా కాలమైంది. కార్తీకం వెళ్లగానే ఆ పని జరిపించాలని పెద్దవాళ్లు అనుకున్నారు. బొమ్మ కాలితే అత్త బొట్టూ గాజులూ తీసెయ్యాలి. ఆమె ఒప్పుకోవడం లేదు. చదువుకున్నవాడు చెబితే వింటుందని మా నాన్న నమ్మకం. మా బియస్సీలో ఆ పాఠం లేదు.

నేను వెళ్లేసరికి పెరట్లో జీడిపిక్కలు కాల్చే పొయ్యి చల్లారి ఉంది. మావ తమ్ముడు పక్కనే గొంతుక్కూర్చుని, వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని నములుతున్నాడు.

"ఏం చిన్నమావా, ఇవాళ పని లేదా?"

"ఏటి సెప్పమంతావు అల్లుడా! సీతాకోకలొచ్చీసినాయంట. పొగెడితే దారి తప్పిపోతాయంట. నా సుట్ట కూడా ఆర్పించీసింది మీ అత్త."

తలెత్తి చూశాను. జీడితోట మీదుగా వస్తున్నాయి. నల్లటి రెక్కల మీద లేత నీలం చారలు. సముద్రపు గాలి తోసినప్పుడల్లా కాస్త పక్కకి ఒరిగి, మళ్లీ సర్దుకుని, అన్నీ ఒకే దిక్కుకి పోతున్నాయి. తొలకరికి ముందు ఇదే తీరున ఎదురు దిక్కుకి వెళ్తాయి. వానలు వెనకపట్టు పట్టాక ఇటు వస్తాయి. అవి వచ్చిన రోజు అత్త పొయ్యి ముట్టించదు. ఇంట్లో అందరికీ చద్దన్నమే. ఊళ్లో నవ్వుకుంటారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పదు.

అత్త పెరటి గుమ్మంలో కూర్చుని, జీడిసొనకి నల్లబడ్డ వేళ్లకి బూడిద రాసుకుంటోంది. గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంది.

"మీ నాన్న పంపినాడా?"

"ఊరికే చూసి పోదామని వచ్చాను అత్తా."

"ఊరికే సూడ్డానికి ఇంతెండలో నడిసొచ్చీసినావు! సర్లే. నీ సదువుకి పనికొచ్చే మాటొకటి అడుగుతాను, సెప్పు. ఈ సీతాకోకలు ఎందుకెల్తాయిరా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. చావు కబురు చెప్పడానికి వెళ్లినవాడికి సిలబస్‌లోంచి ప్రశ్న వచ్చింది.

"వాటి పిల్లపురుగులకి లేతాకు కావాలి. ఎండలకి ఇక్కడ ఆకు ముదిరి ఎండిపోతుంది. అందుకని వాన పడి చిగుళ్లు వేసే చోటికి పోతాయి. అక్కడ మళ్లీ రోజులు మారితే ఇటు బయల్దేరతాయి."

"ఆకు లేకే ఎల్తాయన్నమాట."

"అంతే."

"మీ మావా అదే సెప్పీసి ఎల్లినాడు."

"అన్నయ్య ఆకులు తినడానికి ఎల్లినాడేటి వదినా? బియ్యం మిల్లులో బస్తాలు మొయ్యడానికెల్లినాడు" అన్నాడు చిన్నమావ పెరట్లోంచి.

"నువ్వా సుట్ట నవులుకో" అంది అత్త.

ఒక సీతాకోక వచ్చి గోడ మీద వాలింది. రెక్కలు మూసి తెరిచింది. అత్త కదలకుండా చూసింది.

"ఇంత దూరం ఎగిరొచ్చినా సిన్న సిరుగు కూడా లేదు సూడు. ఎల్లినవే కదేటిరా ఇవి?"

"కావత్తా. అంతకాలం బతకవు. వెళ్లినవి అక్కడే గుడ్లు పెట్టి పోతాయి. ఆ గుడ్లలోంచి పుట్టినవి ఇవి. అందుకే రెక్కలు కొత్తగా ఉన్నాయి."

"మరి దారెవరు సెప్తారు?"

"అది మా లెక్చరరుకి కూడా తెలీదు."

"అయితే ఎల్లినవి రావు."

"రావు. వాటి పిల్లలొస్తాయి."

చిన్నమావ నోట్లోంచి చుట్ట తీసి చేత్తో పట్టుకున్నాడు. గోడ మీది సీతాకోక లేచి మిగతావాటిలో కలిసిపోయింది. అత్త మోచేతి దగ్గరున్న గాజుల్ని ఒక్కొక్కటిగా మణికట్టుకి దించుకుంది.

"మాకు పిల్లల్లేరు గదరా" అంది.