ఇద్దరు వలీలు, ఒక దూడ

వజీదా అక్క దూడ నా శనగల్లో మూతి పెట్టడం అది మూడో వేసవి. దూడ అంటున్నాను గానీ, అప్పటికే కొమ్ములొచ్చిన గిత్త. ఉరుసు మొదటిరోజు పొద్దున వేయించిన శనగలు బుట్టలో పోసి అటు తిరిగానో లేదో వచ్చేసింది. కర్ర ఎత్తాను. పక్కనున్నవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఆపారు. దర్గాలో నిద్రపోయే వలీ గారికి మొక్కిన దూడను కొడితే చెయ్యి పడిపోతుందట. అచ్చోసిన ఆంబోతులా ఎవరి చేలో పడి మేసినా మా బురుల్లుస్ సరస్సు గట్టున దాన్ని అదిలించే మగాడు లేడు.

"సరే, తిననివ్వండి. ఏ వలీ గారికి మొక్కిన దూడో చెప్పండి, ఆయన పేరన్నా తలుచుకుని నష్టం దిగమింగుతాను" అన్నాను.

అదే ఎవరికీ తెలియదు మరి.

మా ఊరికీ అవతలి ఊరికీ మధ్య ఒక పాయ, దాని నిండా రెల్లు. మా గట్టున సీదీ మర్జూక్ దర్గా, అవతలి గట్టున సీదీ అబూ నూర్ దర్గా. వరి నాట్లు పూర్తవగానే ముందు మా ఉరుసు, ఆ తరవాత వాళ్ళది. ఉయ్యాలలు, కర్రసాము, జెండాలు కట్టిన పడవలు, ఏ డేరాలో దూరినా ఇంత టీ, ఇంత అన్నం. మొక్కిన జంతువును ఎవరి ఉరుసులో కోస్తే ఆ ఊరి పరువు పెరుగుతుంది. అందుకే ఆ దూడ మీద రెండు ఊళ్ళకీ కన్ను. వాళ్ళు చొప్ప పెట్టి మెడకు ఆకుపచ్చ గుడ్డ కడతారు. మావాళ్ళు తవుడు పెట్టి ఎర్రది కడతారు. అది రెండూ వేసుకుని, ఇద్దరి తిండీ తిని, ఎవరి మాటా వినకుండా తిరుగుతుంది.

మొక్కిన మనిషిని అడిగితే సరిపోయేది కదా అంటారేమో. అక్కడే వచ్చింది చిక్కు.

వజీదా అక్క బుట్ట నెత్తిన పెట్టుకుని సంతలో చేపలమ్మే మనిషి. బేరం దగ్గర ఆమెను తికమక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు. వాళ్ళమ్మ పోయేనాటికి తమ్ముడు ఖమీస్ పాలు తాగే పిల్లాడు. వాణ్ణి చంకనేసుకునే పెరిగింది, చంకనేసుకునే కాపురానికి వచ్చింది. మొగుడు మౌగూద్ బావ మంచివాడు. ఖమీస్‌కి వలెయ్యడం నేర్పి తన పడవలోనే తిప్పుకున్నాడు. మూడేళ్ళ కిందట చలికాలపు తుఫానులో ఇద్దరూ వెళ్ళిన పడవ తిరగబడింది. వజీదా అక్క వానలో గట్టున నిలబడి, ఆవు కడుపులో ఉన్న దూడను ఇస్తానని మొక్కింది. తెల్లారేసరికి మౌగూద్ బావ ప్రాణాలతో ఒడ్డున పడ్డాడు. ఖమీస్ మర్నాడు రెల్లులో శవమై దొరికాడు.

ఆమె ఏడవలేదు. పిచ్చిదానిలా అందరికీ అన్నం పెట్టింది.

దూడ పుట్టింది. ఎవరికి మొక్కావే అంటే ఒకరోజు మర్జూక్ అంటుంది, ఇంకోరోజు అబూ నూర్ అంటుంది. "ఏమో ఇన్సాఫ్, గాలిలో నా మాట నాకే వినిపించలేదు" అంది నాతో ఒకసారి. మొదటి వేసవి దూడ నుదుటికి గోరింటాకు పెట్టి మా దర్గా గుమ్మందాకా తోలుకొచ్చి వెనక్కి తిరిగింది. రెండో వేసవి అవతలి గట్టుకని బయల్దేరి, దారిలో వంతెన మీద పొద్దుగూకేదాకా కూర్చుని ఇంటికొచ్చింది. ఆ తుఫానుకి దీని బుర్ర చెదిరిందనుకున్నాం. అనుకోవడమేమిటి, నేనే నలుగురికీ చెప్పాను.

ఈ మధ్యలో నలిగింది మౌగూద్ బావ. మొక్కు చెల్లించకపోతే వలీ గారు ఇచ్చింది వెనక్కి లాక్కుంటారని మావాళ్ళ నమ్మకం. లాక్కుంటే లాక్కోవలసింది ఆయన్నే కదా. ఆయనతో పడవెక్కడానికి ఎవరూ రారు. ఆయనా రెల్లు దాటి వెళ్ళడు. పడవ ఒడ్డున ఎండి నెర్రెలిచ్చింది. అంత మనిషీ ఊరందరి చిరిగిన వలలూ కుట్టుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు.

ఆ మూడో వేసవి, ఊరేగింపు బయల్దేరబోయే మధ్యాహ్నం, అవతలి గట్టు దర్గా చూసుకునే ముజావర్ హాజీ షిహాతా డప్పులతో పడవేసుకుని మా ఉరుసులోకే దిగాడు.

"మా దూడని తోలుకెళ్ళడానికొచ్చాం" అన్నాడు.

మా ముజావర్ షేక్ ఇత్మాన్ మైకు పట్టుకునే ఉన్నాడు. "ఎవరి దూడయ్యా? మా ఆడకూతురు ఆపదలో ముందు పిలిచేది ఎవర్ని? కాలికి ముల్లు గుచ్చుకున్నా మా గట్టున ముందొచ్చే పేరు మర్జూక్‌దే. మీ ఆయన పేరు ఆ తరవాత."

"ముందు పిలిచిందెవర్నయితేనేం? పలికిందెవరో చెప్పు."

"మా తవుడు తిని పెరిగిన దూడని మీరు మాంసం చేసుకుంటారా?"

"మా చొప్ప సంగతి మాట్లాడవేం?"

వజీదా అక్కను జనం నెట్టుకుంటూ మధ్యకి తెచ్చారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆమె దూడ మెడ మీద చెయ్యేసి నిలబడింది.

"చెప్పమ్మా" అన్నాడు ఇత్మాన్. "ఏరు దాటాక తెప్ప తగలెయ్యకూడదు."

"ఇద్దరినీ పిలిచాను" అంది. "ఒకరికి మా ఆయన్ని అప్పగించాను, ఒకరికి ఖమీస్‌ని. ఎవరు అప్పగించిన మనిషిని తెస్తే వాళ్ళకి దూడ అన్నాను. ఎవర్ని ఎవరికి అప్పగించానో గుర్తు లేదు."

డప్పులు ఆగిపోయాయి. పొరపాటున మర్జూక్ దగ్గర కోస్తే, తమ్ముణ్ణి తీసుకురాని ఆయనకి విందు పెట్టినట్టవుతుందేమో. అబూ నూర్ దగ్గర కోసినా అదే భయం. మూడేళ్ళు ఆ మనిషిని వెర్రిదన్నందుకు నా నోరు పడిపోను అనిపించింది.

ఇత్మాన్ మాత్రం మైకు దించలేదు. "ఇందులో తికమక ఏముందమ్మా? ముందు పిలిచింది మర్జూక్‌నేగా? పెళ్ళయిన ఆడది ముందు ఎవరి పేరు చెబుతుంది? మొగుడి పేరేగా? ఆయన్ని తెచ్చింది మర్జూకే. పద దూడతో."

జనమంతా నిజమే కదా అన్నారు. నేనూ అన్నాను. షిహాతా కూడా పడవ వైపు తిరిగాడు. దూడని తోలడానికి నలుగురు ముందుకొచ్చారు. వజీదా అక్క దాని మెడ వదల్లేదు.

అప్పుడు మౌగూద్ బావ జనంలోంచి వచ్చాడు. చేతిలో వల కుట్టే దారం అలాగే ఉంది.

"వజీదా, ముందు ఎవరి పేరు చెప్పావు?"

ఆమె నేల చూపులు చూసింది.

"గుర్తు లేదని మాత్రం అనకు. నాతో చెప్పు."

"ఖమీస్ పేరు" అంది.

అంటే తమ్ముణ్ణి మా మర్జూక్‌కి అప్పగించింది. మొగుణ్ణి పొరుగూరి వలీకి. మా వలీ తేలేదు, వాళ్ళాయన తెచ్చాడు. ఈ మాట ఊళ్ళో అనగలదా? ఇంట్లో మొగుడితో అనగలదా? తికమక మాది గానీ ఆమెది కాదు. ఆమెకి మొదటినుంచీ తెలుసు.

"ఆయుష్షు అల్లా చేతిలో ఉందమ్మా" అని గొణిగి ఇత్మాన్ మైకు కట్టేశాడు. మావాళ్ళు ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ చూస్తున్నది మౌగూద్ బావనే.

ఆయన దారం చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నీళ్ళలో నేను మాత్రం నిన్ను తలుచుకున్నానా ఏమిటి? మా అమ్మని పిలిచాను" అన్నాడు. దూడ మెడ మీదున్న ఆమె చేతిని మెల్లగా తీశాడు. "దీన్ని నేను అవతలి గట్టుకి తోలుకెళ్తాను. నన్ను తెచ్చినాయనకి నేనే ఇవ్వాలి. నువ్వు ఇంటికెళ్ళి నీ తమ్ముడి కోసం ఏడువు. మూడేళ్ళయింది, నా మొహం చూసి ఆపుకున్నావు."

ఆయన షిహాతా పడవ ఎక్కలేదు. దూడని అదిలిస్తూ వంతెన దారి పట్టాడు. వజీదా అక్క ఇంటిదాకా కూడా వెళ్ళలేకపోయింది. నా శనగల బుట్ట పక్కనే కూలబడి, ఊరంతా వింటుండగా, "ఖమీసూ, నా కొడుకా" అని ఏడ్చింది.